పిల్లల చదువుకు యాప్‌లు: ఎంచుకొనే ముందు అడగవలసిన ప్రశ్నలు

(చిలమత్తూరులో జరిగిన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)

 

ఈసారి పెద్దలు మాకు ఒక కొత్త విషయము అప్పగించినారు. పిల్లలకు చదివినది అర్థం కావడానికి, కథలోను పద్యంలోను ఉన్న భావం పట్టుబడడానికి ఫోనులో ఏ యాప్ మంచిది అన్నదే ఆ విషయము. వినడానికి ఇది చిన్న ప్రశ్న. ఒక పేరు చెప్పి కూర్చుంటే సరిపోతుందని అనిపిస్తుంది. కాని ఈ ప్రశ్న వెనుక డబ్బు ఉన్నది, పిల్లల కాలం ఉన్నది. మన విద్యా నిధిలో నుండి ట్యాబులు కొనాలా, ఏదైనా యాప్‌కు సంవత్సర చందా కట్టాలా, లేక ఎప్పటిలాగా పుస్తకాలే పంచాలా అని కమిటీలో చర్చ జరుగుతున్నది. ఆ నిధిలో పడిన ప్రతి రూపాయి ఎవరిది? పొద్దున్నే గార్మెంట్ ఫ్యాక్టరీ బస్సు ఎక్కే చెల్లెలిది, పట్టుగూళ్ళు మూట కట్టుకొని హిందూపురం మార్కెట్టుకు పోయే రైతుది, బెంగుళూరులో మేస్త్రీ పని చేసి నెలకు ఒకసారి ఇంటికి వచ్చే తండ్రిది. అందుచేత తొందరపడి ఒక పేరు చెప్పడం మాకు ధర్మంగా తోచలేదు. పిల్లలకు భాష చెప్పే పనిలో ఉన్న మేము, యాప్‌ను పరీక్షించే పద్ధతి చెప్పి, చివర మా సలహా మనవి చేసుకుంటాము.

మొదట చదవడం అంటే ఏమిటో తేల్చుకుందాము. ఈ సంగతి మన ఇళ్ళలో ఒకరు చెప్పవలసిన పని లేదు. మన పిల్లలు మక్తబులో ఖాయిదా పట్టుకొని, అక్షరం కూడబలుక్కొని, ఏడాది రెండేళ్ళలో ఖురాన్ షరీఫ్ నాజిరా చదువుతారు. తజ్వీదు తప్పకుండా, తడబడకుండా చదువుతారు. అది ఇబాదత్, దాని విలువ దానిది. కాని అరబ్బీ వాక్యానికి అర్థం చెప్పమంటే పిల్లవాడు చెప్పలేడు. అందుకు తర్జుమా వేరే నేర్చుకోవాలి, తఫ్సీరు వేరే వినాలి. గడగడా చదవడం ఒక విద్య, చదివినది గ్రహించడం మరొక విద్య అన్న తేడా మన సమాజానికి తరతరాలుగా తెలుసు. విచిత్రమేమంటే, మక్తబులో తెలిసిన ఈ తేడాను బడి చదువు దగ్గరకు వచ్చేసరికి మరచిపోతున్నాము. పిల్ల తెలుగు పాఠాన్ని ఆగకుండా చదివితే "మా పాపకు చదువు వచ్చేసింది" అని మురిసిపోతున్నాము. ఆ పాపను ఒక్క మాట అడిగి చూడండి: "అమ్మీ, ఇప్పుడు చదివినావే, ఏం జరిగింది అందులో?" అని. చాలాసార్లు పాప పుస్తకం వైపే చూస్తుంది, మన వైపు చూడదు.

ఈ సంగతినే 1986లో గఫ్, టన్మర్ అనే ఇద్దరు పండితులు ఒక లెక్కగా చెప్పినారు. అక్షరాలను మాటలుగా పలికే శక్తిని, ఆ భాషను విని అర్థం చేసుకొనే శక్తితో గుణిస్తే వచ్చేదే చదువు అన్నారు. కూడిక కాదు, గుణకారం. రెండింటిలో ఏది సున్నా అయినా ఫలితం సున్నాయే. మన పిల్లల విషయంలో ఈ రెండవ అంకె చాలా ముఖ్యము. ఇంట్లో దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు, బాగేపల్లి వైపు పోతే కన్నడము, బడిలో ఇంగ్లీషు. నాలుగు భాషల నడుమ పెరిగే పిల్లకు చెవి చురుకు ఎక్కువ, అది అదృష్టమే. కాని పుస్తకంలోని తెలుగు, పుస్తకంలోని ఇంగ్లీషు ఆ పిల్ల ఇంట్లో వినేవి కావు. మనం చెనక్కాయలు అంటాము, పుస్తకంలో వేరుశనగ అని ఉంటుంది, దాదీమా ఇంకొక మాట అంటుంది. మూడూ ఒకటేనని ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పకపోతే ఆ మాట దగ్గర పిల్ల ఆగిపోతుంది, ఆగినట్టు మనకు తెలియదు.

దేశం మొత్తం మీద పరిస్థితి ఎట్లున్నదో చూస్తే, ప్రథమ్ సంస్థ 2005 నుండి పల్లెల్లో ఇంటింటికి పోయి చేస్తున్న అసర్ సర్వే ఉన్నది. 2024 సర్వేలో ప్రభుత్వ బడుల ఐదవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠాన్ని చదవగలిగినవారు నూటికి 44.8 మంది మాత్రమే. ఆ పరీక్ష కూడా ముఖ్యంగా పైకి చదవడాన్నే చూస్తుంది. చదివినదాని లోపలి అర్థం అడిగితే ఎంతమంది మిగులుతారో మీరే ఊహించండి. అదే సర్వే 14 నుండి 16 ఏళ్ళ పిల్లల ఫోను వాడకాన్ని కూడా చూసింది. ఆ వారంలో ఫోనును చదువుకు వాడినామన్నవారు నూటికి 57 మంది, సామాజిక మాధ్యమాలకు వాడినామన్నవారు 76 మంది. అంటే ఫోను ఇప్పటికే పిల్లల చేతిలో ఉన్నది. కాబట్టి ఇవ్వాలా వద్దా అన్న తగువు కంటే, చేతిలో ఉన్నదానితో ఏం చేయిస్తున్నాము అన్నదే ఇప్పటి ప్రశ్న.

మన రాష్ట్రంలో జరిగిన ఒక పెద్ద ప్రయత్నాన్ని ఇక్కడ గుర్తు చేయాలి. 2022 డిసెంబరు 21న ప్రభుత్వం ఎనిమిదవ తరగతి పిల్లలకు, ఉపాధ్యాయులకు సుమారు 5 లక్షల ట్యాబులు పంచడం మొదలుపెట్టింది. వాటిలో బైజూస్ కంపెనీ పాఠాలు నింపి ఇచ్చినారు. వీడియోలు చూసి మేలు పొందిన పిల్లలు లేకపోలేదు. అయితే రెండేళ్ళు తిరగకముందే, 2024 జులైలో, ఆ కంపెనీ దివాలా విచారణలోకి పోయింది. ఒకరిని నిందించడానికి ఈ సంగతి చెప్పడం లేదు. దేశంలో అందరికన్నా పెద్దదనిపించుకున్న కంపెనీకే అట్లా జరిగినప్పుడు, ఏ యాప్ అయినా రేపు ఉంటుందని నమ్మి మన నిధి మొత్తం దాని మీద పెట్టరాదని చెప్పడానికే. పుస్తకం అచ్చువేసిన ప్రెస్సు మూతపడినా పుస్తకం మన బీరువాలో ఉంటుంది. యాప్ అట్లా కాదు.

అట్లని యంత్రంతో లాభమే లేదనడం కూడా తప్పు. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే కంప్యూటర్ పాఠాల మీద ముగ్గురు ఆర్థిక శాస్త్రజ్ఞులు చేసిన పరిశీలన 2019లో అచ్చయింది. బడి తరువాత కేంద్రానికి వచ్చిన పేద పిల్లలు నాలుగున్నర నెలల్లో లెక్కలలోను హిందీలోను స్పష్టంగా ముందుకు పోయినారు. ఎందుకు? ఆ కార్యక్రమం ప్రతి పిల్లవాని స్థాయి కనుక్కొని అక్కడ నుండి పాఠం మొదలుపెట్టింది. ఎనిమిదవ తరగతి పిల్లవాడు నాలుగవ తరగతి మెట్టు మీద ఆగి ఉంటే అక్కడికే దిగి వచ్చింది. ఇంకొక సంగతి చాలామంది చెప్పరు. రోజుకు తొంభై నిమిషాలలో సగం యంత్రం ముందు, తక్కిన సగం పదిపదిహేను మంది పిల్లల గుంపుగా ఒక మనిషి దగ్గర. యంత్రం పక్కన మనిషి ఉన్నాడన్న మాట.

ఇక ఎంచుకొనే పద్ధతికి వస్తాము. మీ ముందు ఎవరైనా యాప్ పెట్టి "దీనితో పిల్లలకు చదివింది అర్థమవుతుంది" అంటే, చందా కట్టకముందు పది నిమిషాలు మీరే పరీక్ష పెట్టండి. దానికి పెద్ద చదువు అక్కరలేదు.

మొదటి పరీక్ష: కథ చదవకుండా నేరుగా చివరి ప్రశ్నలకు పోండి. నాలుగు జవాబులలో ఒకటి ఎంచుకోమంటుంది. కథ చదవకుండానే సగానికి పైగా సరైన జవాబులు పెట్టగలిగినారంటే ఆ ప్రశ్నలు పనికిరానివి. "నిజాయితీ మంచిదా, దొంగతనం మంచిదా" అని అడిగితే జవాబుకు కథ ఎందుకు?

రెండవ పరీక్ష: మాటకు మాట అతికిస్తే వచ్చే ప్రశ్నలా, లేక ఆలోచిస్తే వచ్చేవా చూడండి. మేము ఒక అర్థంలేని వాక్యం చెబుతాము, వినండి: "గబిర టోపాలు మిరకలో జుంపినాయి." ప్రశ్న: టోపాలు ఎక్కడ జుంపినాయి? మిరకలో! మీరందరూ ఒక్క గొంతుతో సరిగ్గా చెప్పినారు. ఎటువంటి టోపాలు? గబిర టోపాలు! నూటికి నూరు మార్కులు. కాని టోపా అంటే ఏమిటి? ఎవరికీ తెలియదు, మాకూ తెలియదు. మన పిల్లలు పరీక్షల్లో తెచ్చుకునే మార్కులలో ఎన్ని ఇట్లాంటివో ఆలోచించండి. యాప్‌లో ఎంతసేపూ ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎన్ని అన్న ప్రశ్నలే ఉంటే అది టోపాల యాప్. ఎందుకు, ఎట్లా తెలిసింది, ఏ మాటను బట్టి చెప్పినావు అన్న ప్రశ్నలు ఉంటే చేతికి ఇవ్వవచ్చు.

మూడవ పరీక్ష: కావాలని తప్పు జవాబు నొక్కండి. ఎర్రగీత పెట్టి, సరైన జవాబు చూపించి ముందుకు తోసేస్తే పిల్ల నేర్చుకొనేది ఏమీ లేదు, ఊహించి నొక్కడం తప్ప. "ఈ వాక్యం మళ్ళీ చదువు" అని పాఠంలోకి వెనక్కు తీసుకొనిపోయేది మంచిది. నక్షత్రాలు, నాణేలు, చప్పట్లు ఎక్కువగా కురిపించే యాప్‌లో పిల్ల మనసు కథ మీద ఉండదు, నాణేల మీద ఉంటుంది.

నాలుగవ పరీక్ష: డేటా ఆపేసి చూడండి. ఇంట్లో ఫోను ఒకటే, అది కూడా తండ్రితో పాటు పనికి పోతుంది. రాత్రి వచ్చినాక అరగంట దొరుకుతుంది. ఆ అరగంటలో సిగ్నలు లేదని చక్రం తిరుగుతూ కూర్చుంటే చదువు ఎప్పుడు? పాఠాలను ముందే దించుకొని పెట్టుకొనే వీలు తప్పనిసరిగా ఉండాలి.

ఐదవ పరీక్ష: తెరిచిన వెంటనే ఏమేమి అడుగుతున్నదో చూడండి. కథ చదివించడానికి పిల్ల ఉన్నచోటు ఎందుకు? ఫోనులోని నంబర్లన్నీ ఎందుకు? హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ కోవిడ్ కాలంలో 49 దేశాల ప్రభుత్వాలు సిఫారసు చేసిన 164 చదువు యాప్‌లు, వెబ్‌సైట్లు పరిశీలించి 2022లో నివేదిక ఇచ్చింది. వాటిలో 146 పిల్లల హక్కులకు భంగం కలిగించే, లేదా ప్రమాదంలో పెట్టే పద్ధతిలో వారి వివరాలతో వ్యవహరించినాయని తేల్చింది. మన పార్లమెంటు 2023లో చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళ లోపువారిని పిల్లలుగానే లెక్కిస్తుంది, వారి సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది. చదవకుండా "ఓకే" నొక్కడమే ఆ సమ్మతి కాకుండా చూసుకొనే బాధ్యత మనది.

ఆరవది పరీక్ష కంటే వివేకం అనాలి: కథ ఎవరి లోకంలోనిది? ఒక చిన్న ఉదాహరణ. "మూడవ జ్వరం దాటగానే వాటి ఆకలి పెరిగింది. నాలుగవ జ్వరం తరువాత ఆమెకు రాత్రి నిద్ర లేదు. చివరకు చంద్రికల మీదికి ఎక్కించి ఊపిరి పీల్చుకున్నది." ఈ మూడు వాక్యాలు హైదరాబాదులో బాగా చదివే పిల్లకు ఇవ్వండి, ఎవరికో జబ్బు చేసిందనుకుంటుంది. చిలమత్తూరులో చదువులో వెనుకబడిన పిల్లకు ఇవ్వండి, నవ్వి "పట్టుపురుగులు సార్" అంటుంది. పురుగు చర్మం విడిచేటప్పుడు మేత మాని నిద్రపోవడాన్ని జ్వరమంటామని, గూడు కట్టే తట్టను చంద్రిక అంటామని ఆ పిల్లకు ఇంట్లోనే తెలుసు. 1988లో అమెరికాలో రెక్ట్, లెస్లీ అనేవారు బేస్‌బాల్ ఆట గురించిన పాఠంతో ఇదే నిరూపించినారు. ఆట తెలిసిన పిల్లలు, చదువులో వెనుక ఉన్నవారైనా సరే, ఆట తెలియని మంచి చదువరుల కంటే పాఠాన్ని బాగా గ్రహించినారు. అంటే ఒక యాప్ మన పిల్లను "తక్కువ స్థాయి" అని ముద్ర వేసినప్పుడు, తక్కువైంది చదువా, లేక ఆ కథలోని లోకం ఆమె చూడనిదా అని అడగాలి. మాల్‌లో ఎస్కలేటర్ కథ అర్థం కాని పిల్ల మొద్దు కాదు. ఆమెకు రెండు రకాల కథలూ కావాలి, తన ఇల్లు కనిపించేవి కొన్ని, తాను చూడని లోకాన్ని చూపించేవి కొన్ని. ఖదీర్‌బాబు "దర్గామిట్ట కతలు", 2012లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం పొందిన వేంపల్లె షరీఫ్ "జుమ్మా" వంటి పుస్తకాలలో మన ఇళ్ళు, మన వంటగదులు, మన తల్లుల మాటలు తెలుగులో ఉన్నాయి. మేము చూసిన యాప్‌లలో ఇటువంటివి చాలా అరుదు.

ఇప్పుడు సాహిత్య భావం సంగతి. కథలో జరిగినది ఒకటి, కథ చెప్పదలచినది మరొకటి. ప్రేంచంద్ 1933లో రాసిన "ఈద్గాహ్" కథ మీలో చాలామందికి తెలుసు. తల్లీతండ్రీ లేని హామిద్, దాదీ అమీనా ఇచ్చిన మూడు పైసలు పట్టుకొని ఈద్ మేళాకు పోతాడు. తోటి పిల్లలు బొమ్మలు, మిఠాయిలు కొంటారు. హామిద్ ఇనుప చిమ్టా కొంటాడు, రొట్టెలు కాల్చేటప్పుడు దాదీ వేళ్ళు కాలుతాయని. "హామిద్ దగ్గర ఎన్ని పైసలు ఉన్నాయి?" అన్నది టోపాల ప్రశ్న. "ఎందుకు చిమ్టా కొన్నాడు?" అన్నది గ్రహింపు ప్రశ్న. "ఆ చిమ్టా చూసి దాదీ మొదట ఎందుకు కోపపడింది, తరువాత ఎందుకు ఏడ్చింది? ఆ ఇంట్లో ఆ పూట పెద్దవారు ఎవరు, పిల్లవారు ఎవరు?" అన్నది సాహిత్య ప్రశ్న. మూడవ ప్రశ్నకు నాలుగు గడులలో జవాబు పెట్టలేము. ఒక పిల్ల పేదరికం అంటుంది, ఒకడు ప్రేమ అంటాడు, ఇంకొకడు "వాడికి కూడా బొమ్మ కావాలని ఉండి ఉంటుంది, అది ఎవరూ అడగలేదు" అంటాడు. ముగ్గురూ కథలోని మాట చూపించి చెబితే ముగ్గురిదీ సరైనదే. "ఈ కథలోని నీతి: పెద్దలను ప్రేమించవలెను" అని యాప్ ముందే అచ్చొత్తి చెబితే ఆ మాటలన్నీ గొంతులోనే ఆగిపోతాయి. నీతి చెప్పేసి తలుపు మూసే యాప్ కంటే, ప్రశ్న అడిగి తలుపు తెరిచి పెట్టే యాప్ మేలు.

పద్యమైనా ఇంతే. వేమన సమాధి ఉన్న కటారుపల్లి మన శ్రీ సత్యసాయి జిల్లాలోనిదే. ఆయన పద్యానికి ప్రతిపదార్థం కంఠస్థం చేసిన పిల్లకు, ఆ మాట ఎవరిని ఉద్దేశించి అన్నాడు, ఈనాడు మన వీధిలో అది ఎవరికి తగులుతుంది అన్న ఆలోచన రాకపోతే పద్యం సగమే వచ్చినట్టు. 2022 చివర నుండి, అడిగిన వెంటనే సారాంశం, వ్యాసం రాసి ఇచ్చే కృత్రిమ మేధ యాప్‌లు కూడా వచ్చేసినాయి. తెలియని మాటకు అర్థం అడగడానికి, కష్టమైన వాక్యాన్ని తేలిక చేయించుకోవడానికి అవి ఉపయోగపడతాయి, అప్పుడప్పుడు ధీమాగా తప్పు కూడా చెబుతాయి. కాని పిల్ల కథ చదవకుండా సారాంశం రాయించుకుంటే, ఒకరు రోజా ఉండి ఇంకొకరు ఇఫ్తార్ చేసినట్టు ఉంటుంది. ముందు తాను చదివి, తన రెండు మాటలు తాను రాసి, తరువాత యంత్రం చెప్పినదానితో పోల్చుకొనే నియమం పెట్టండి.

ఇక పేర్లు. ఇంతదాకా వచ్చి పేర్లు చెప్పకపోతే మీరు ఊరుకోరు. బెంగుళూరులోని ప్రథమ్ బుక్స్ వారు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో నాలుగు మెట్లుగా పిల్లల కథలున్నాయి. తెలుగు, ఉర్దూ, కన్నడము, ఇంగ్లీషు కథలు ఉచితంగా దొరుకుతాయి, దించుకొని కాగితం మీద అచ్చు తీసుకొనే హక్కు కూడా ఉన్నది. చాలా కథలు ఒకటే బొమ్మలతో రెండు మూడు భాషల్లో ఉన్నాయి. ఉర్దూలో విని తెలుగులో చదివితే, ఇందాక చెప్పిన గుణకారంలో రెండవ అంకె పెరుగుతుంది. గూగుల్ వారి రీడ్ అలాంగ్ 2019లో బోలో అన్న పేరుతో మొదలై, 2020లో తెలుగు, ఉర్దూలతో సహా తొమ్మిది భాషల్లో వచ్చింది. పిల్ల పైకి చదువుతుంటే విని, తప్పిన మాటను పలికి చూపించే పద్ధతి దానిది. అది మొదటి విద్యకు సహాయం, రెండవ విద్యకు కాదని గుర్తుంచుకోండి. కేంద్ర ప్రభుత్వం 2017లో పెట్టిన దీక్షాలో పాఠ్యపుస్తకం మీది గడి స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించినది వస్తుంది. పై తరగతుల ఉర్దూ పిల్లలకు 2013లో మొదలైన రేఖ్తా ఉన్నది, గజల్‌లో మాట మీద వేలు పెడితే అర్థం చూపిస్తుంది. ఒక జాగ్రత్త ఏమంటే, పుస్తకంలో నస్తాలీఖ్ రాతకు అలవాటుపడిన చిన్న పిల్లలు, కొన్ని యాప్‌లలో నస్ఖ్ రాత చూసి తికమకపడతారు. కొనేముందు పిల్లకు చూపించి చదివించండి. ఇవన్నీ ఈనాటి పేర్లు. పేర్లు మారతాయి, మూతపడతాయి, కొత్తవి వస్తాయి. పరీక్షలు మాత్రం మారవు.

కాగితాన్ని కూడా మరవకూడదు. 2018లో అచ్చయిన ఒక సమీక్షలో 54 అధ్యయనాలు, లక్షా డెబ్బై వేల మందికి పైగా చదువరుల ఫలితాలు కలిపి చూస్తే, సమాచారం చెప్పే పాఠాలను తెర మీద కంటే కాగితం మీద చదివినవారే బాగా గ్రహించినారని తేలింది. కథల విషయంలో అంత తేడా కనపడలేదు. కాబట్టి కథలను ఫోనులో చదివించినా, సైన్సు, సాంఘిక పాఠాలకు కాగితమే పెట్టండి.

ఇక్కడ ఒక తల్లి లేచి, "మేము అంగూఠా ఛాప్, మాకు ఈ పరీక్షలు ఎక్కడ వస్తాయి?" అని అడగవచ్చు. అమ్మా, అసలైన పరీక్ష మీ చేతిలోనే ఉన్నది. పిల్ల కథ చదివినాక ఫోను బోర్లా పెట్టించి మన మాటల్లోనే మూడు ప్రశ్నలు అడగండి: క్యా హువా? కైకు హువా? తూ రహీ తో క్యా కర్తీ? ఏమి జరిగింది, ఎందుకు జరిగింది, నువ్వైతే ఏం చేసేదానివి. ఈ మూడింటికి జవాబు చెప్పడానికి పిల్ల తెలుగులోనో ఇంగ్లీషులోనో చదివినదాన్ని తన భాషలోకి తర్జుమా చేసుకోవాలి, కారణం వెతకాలి, తనను ఆ స్థానంలో నిలబెట్టుకోవాలి. ఇంతకు మించిన గ్రహింపు పాఠం ఏ కంపెనీ అమ్మదు. మీకు అక్షరం రాకపోవడం ఇక్కడ అడ్డం కాదు. కథ మీకు తెలియదు గనుక పిల్ల నిజంగా చెప్పవలసి వస్తుంది.

ఆడపిల్లల సంగతి ఒక్క మాట. అసర్ 2024 లెక్కలలో ఫోను వాడడం వచ్చిన 14–16 ఏళ్ళ వారిలో సొంత ఫోను ఉన్న అబ్బాయిలు నూటికి 36 మంది, అమ్మాయిలు 27 మంది. మన ఇళ్ళలో కూడా ఫోను మొదట తండ్రికి, తరువాత అన్నకు, ఛార్జింగు మిగిలితే చెల్లెలికి. పదవ తరగతికి వచ్చేసరికి ఆమెకు పాఠాలు అర్థం కాకపోతే, "దీనికి చదువు రాలేదు, ఇక చాలు" అంటాము. చదువు రాలేదా, చదివే అరగంట రాలేదా? యాప్ ఎంచుకొనేటప్పుడే ఆ అరగంట ఎవరిది అన్నది కూడా ఇంట్లో తీర్మానించాలి.

కాబట్టి కమిటీకి మా సలహా ఇది. ఈ సంవత్సరం ఏ యాప్‌కూ చందా కట్టవద్దు. ట్యాబుల కొనుగోలు వాయిదా వేయండి. ఉచితంగా దొరికే కథలను ఎంచి, వంద కథలు తెలుగులోను ఉర్దూలోను అచ్చు తీయించండి. మన హాలులో వారానికి రెండు సాయంత్రాలు, మగరిబ్‌కు ముందు, చదువు గంట పెట్టండి. ఐదుగురు పిల్లలకు ఒక ఫోను చాలు, గుంపుకు ఒక మనిషి ఉండాలి. ఇంటరు, డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న మన ఆడపిల్లలు ఎంతమంది లేరు? వారికి గౌరవ వేతనం ఇవ్వండి, ఆ డబ్బు వృథా పోదు. మొదటి రోజు ప్రతి పిల్లచేత ఒక కథ చదివించి, తన మాటల్లో చెప్పించి, చెప్పినది రాసిపెట్టండి. మూడు నెలలకు మళ్ళీ అట్లాగే చేయండి. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే లాభమున్నదో లేదో ఎవరూ చెప్పనక్కరలేదు. లాభం కనపడి, ఇంకా మంచి యాప్ అవసరమని తోస్తే, అప్పుడు ఈ ఆరు ప్రశ్నలతో పరీక్షించి డబ్బు పెట్టండి. వచ్చే సంవత్సరం ఇదే వేదిక మీద ఆ కాగితాలు చదివి వినిపించమని కమిటీవారిని కోరుతున్నాము.

చివరగా తల్లిదండ్రులకు మనవి. పిల్ల ఫోను చూస్తున్నదని పక్కకు పోవద్దు, పిల్ల ఫోను చూస్తున్నదని గద్దించనూ వద్దు. పక్కన కూర్చొని "కైకు?" అని ఒక్క మాట అడగండి. ఎందుకు అని అడిగించుకున్న పిల్ల, కొన్నాళ్ళకు తానే అడగడం నేర్చుకుంటుంది. కరపత్రం చదివినా, ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టేముందు చదివినా, రేపు తన నిఖానామా చదివినా, ఎందుకు, ఏమిటి అని అడగగల మనిషి అవుతుంది. మన విద్యా నిధి కొనవలసిన వస్తువు అదే.